గగనపథ నిర్మాత జె. ఆర్. డి. టాటా

1932 వ సంవత్సరము అక్టోబరు 15 వ తేదీన కరాచీ నగరమునుండి బయలుదేరిన టపా సంచులతో ఒక చిన్న విమానము బొంబాయి మీదుగా మన బళ్ళారికి వచ్చి, ఇచ్చట దిగి, మరల లేచి మదరాసునకు పోయెను. ఆనాటికి బళ్ళారి మదరాసు రాజధానిలోనిది. మైసూరు రాష్ట్రమున చేరినది 1953 లో. భారతీయ సంస్థ క్రమముగా నడిపిన మొదటి టపా విమానమునకు మన యూరు ఒక మజిలీ యని నేటి బాలబాలికలలో పెక్కుమందికి తెలియదు. అది తెలిసిన పెద్దలకు సైతము రెండవ సంగతి జ్ఞప్తియందుండదు. ఆ దశాబ్దము ముగియక మునుపే ఆ విమానము మన యూరిని విడిచి, హైదరాబాదు మీదుగా పోసాగెను.

విమానము ఒక యూరికి ఏల వచ్చును? వచ్చినది ఏల మానుకొనును? సముద్రములు దాటి ఒక ఖండమునుండి వేరొక ఖండమునకు పోవు మార్గములలో కొన్ని డెబ్బది యేండ్లు నిలుచుటకును, కొన్ని డెబ్బది వారములైనను నిలువకపోవుటకును కారణమేమి? ఈ ప్రశ్నలతోనే దాదాపు ఏబది సంవత్సరములు కాపురము చేసిన పురుషుడు జహాంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా. లోకము ఆయనను జె. ఆర్. డి. అని పిలిచెను.

ఆయన 1904 జూలై 29 వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా పార్సీ వర్తకుడు. ఉక్కు కర్మాగారమునకు మూలపురుషుడగు జంషెడ్జీ టాటాకు బంధువు, వ్యాపారమున భాగస్వామి. తల్లి సుజాన్ బ్రియేర్ ఫ్రెంచి వనిత. ఐదుగురు సంతానములో జె. ఆర్. డి. రెండవవాడు. ఆయన నోట మొదట పలికినది ఫ్రెంచి భాష. ఇంగ్లీషు తరువాత నేర్చినది. తండ్రి వ్యాపారమును బట్టి ఫ్రాన్సులోను, బొంబాయిలోను, జపానులోను ఆయన చదువు సాగినది. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, వీధిలో మరియొక భాషగా పెరుగుట యెట్టిదో మన పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఫ్రాన్సు ఉత్తరతీరమున ఆర్డెలో అను సముద్రపుటొడ్డు గ్రామమున టాటా కుటుంబమునకు వేసవి విడిది యుండెను. ఆ యిరుగుపొరుగుననే లూయీ బ్లేరియో నివాసము. 1909 లో ఇంగ్లీషు కాలువను విమానముపై మొట్టమొదట దాటినవాడు ఈ బ్లేరియోయే. ఆ సైకతతీరమున విమానములు దిగుటయు లేచుటయు చూచుచు పెరిగిన బాలునకు పదునైదవ యేట ఒక విమానముపై కొంతసేపు ఎగురు భాగ్యము కలిగినది. ఆ కొన్ని నిమిషములే ఆయన జీవితమును నిర్ణయించెనని చెప్పినను అతిశయోక్తి కాదు.

1923 లో తల్లి మరణించెను. ఫ్రెంచి సైన్యమున ఒక యేడు నియతమైన కొలువు ముగించి, కేంబ్రిడ్జిలో చదువుకొనవలెనని జె. ఆర్. డి. కోరెను, కాని తండ్రి పిలుపుమేరకు 1925 చివర బొంబాయికి వచ్చి టాటా సంస్థలో జీతము లేని శిష్యుడుగా చేరెను. మరుసటి యేడే తండ్రియు గతించెను. ఇరువదిరెండేండ్ల యువకునిపై కుటుంబభారము పడినది. విశ్వవిద్యాలయపు చదువు లేదను కొరత ఆయనను చిరకాలము బాధించెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. 1929 లో ఫ్రెంచి పౌరసత్వమును విడిచెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 10 వ తేదీన విమానచోదకుని అనుమతిపత్రమును పొందెను. దానిపై సంఖ్య 1. భారతదేశమున అట్టి పత్రములలో అదియే మొదటిది.

1930 లో ఆగాఖాన్ ఒక పందెము ప్రకటించెను. ఇంగ్లండుకును భారతదేశమునకును నడుమ ఒంటరిగా విమానము నడిపిన మొదటి భారతీయునకు బహుమతి. జె. ఆర్. డి. కరాచీనుండి పడమటికి బయలుదేరెను. ఆస్పీ ఇంజనీరు అను పదునేడేండ్ల బాలుడు ఇంగ్లండునుండి తూర్పునకు వచ్చుచుండెను. ఇరువురును ఈజిప్టులోని అబుకీరు మైదానమున కలిసికొనిరి. ఇంజనీరు విమానమునకు స్పార్కు ప్లగ్గులు చెడి, క్రొత్తవి దొరకక నిలిచియుండెను. జె. ఆర్. డి. తనయొద్దనున్న వానిని ఆ బాలునకు ఇచ్చెను. ఇరువురును తమ తమ దారిన పోయిరి. ఇంజనీరు కొన్ని గంటల ముందుగా గమ్యము చేరి బహుమతి గెలిచెను. ఆ బాలుడే తరువాతికాలమున భారత వైమానికదళమునకు అధిపతి యయ్యెను. ఓడినవాడు అందులకు చింతించినట్లు ఎచ్చటను కానరాదు.

ఇక టపా సంగతి. అప్పటికే బ్రిటిష్ వారి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ లండనునుండి కరాచీవరకు విమానమున ఉత్తరములు తెచ్చుచుండెను. కరాచీనుండి దక్షిణమునకు అవి రైలుబండిపైనే ప్రాకవలసివచ్చెడిది. ఖండములు దాటివచ్చిన యుత్తరము మన దేశములో అడుగిడిన పిమ్మట మందగించుచుండెనన్నమాట. నెవిల్ విన్సెంట్ అను విమానికుడు ఈ లోపమును గుర్తించి, కరాచీ మదరాసుల నడుమ టపా విమానమును నడుపు యోచనను టాటాల ముందుంచెను. సంస్థాధిపతియగు దొరాబ్జీ టాటా మొదట అంగీకరింపలేదు. జాన్ పీటర్సన్ అను ఉద్యోగి పట్టుబట్టుటచేత ఒప్పుకొనెను. ప్రభుత్వము ఒప్పందమును వ్రాసియిచ్చుటకు మూడేండ్లు పట్టినది. పెట్టుబడి రెండు లక్షల రూపాయలు. ఆస్తి రెండు చిన్న పుస్ మాత్ విమానములు. ఇంపీరియల్ సంస్థకు బ్రిటిష్ ప్రభుత్వము సహాయధన మిచ్చుచుండెను. టాటాలకు అట్టిదేమియు లేదు. మోసిన యుత్తరముల తూకమును బట్టి కూలి, అంతే.

పైన చెప్పిన దినమున జె. ఆర్. డి. స్వయముగా విమానము నడుపుచు కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అహమ్మదాబాదున పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిపై వచ్చెను. బొంబాయిలో జుహూ సముద్రతీరపు నేలయే విమానాశ్రయము. అచ్చటినుండి బళ్ళారికిని మదరాసునకును విమానమును నడిపినవాడు విన్సెంట్. వర్షకాలమున జుహూ నేల నీట మునుగుచుండుటచేత అప్పుడు సంస్థ పూనాకు తరలిపోవలసివచ్చెడిది. రేడియో సాయము లేదు. చోదకుడు కొండలను, నదులను, రైలు పట్టాలను చూచి దారి తెలిసికొనవలెను.

ఇట్టి సంస్థ మొదటి సంవత్సరముననే అరువదివేల రూపాయల లాభము గడించెను. లక్షయరువదివేల మైళ్ళు ఎగిరి, అది మోసిన ప్రయాణికులు 155 మంది మాత్రమే. ఆశ్చర్యమా? పై తరగతి విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడుడు. ఒక్కొక్క యుత్తరము పది గ్రాములనుకొనుడు. డెబ్బది కిలోల మనుష్యుడు కూర్చుండు చోట ఏడువేల యుత్తరములు పట్టును. ఏడువేల యుత్తరముల రుసుము ఒక్క మనుష్యుని టిక్కెట్టు వెలకంటె ఎన్ని మడుగులో మీరే చెప్పగలరు. ఉత్తరమునకు ఆకలి లేదు, దప్పిక లేదు, వాన వచ్చెనని కోపము రాదు. ఆ దినములలో విమానమార్గములను నిలిపినది ప్రయాణికుడు కాడు, తపాలా బిళ్ళయే.

బళ్ళారిని విమానము విడుచుటకు కారణమును ఈ లెక్కలోనే వెదకవలెను. చిన్న విమానము ఒక్క యెగురుతో బొంబాయినుండి మదరాసునకు పోజాలదు గనుక నడుమ నేల కావలెను. మన యూరు సరిగా దారిలో నున్నది. కాని దారిలో నుండుట వేరు, సరకు కలిగియుండుట వేరు. హైదరాబాదు నిజాము రాజధాని; కచేరీలు, వర్తకులు, ధనికులు అచ్చట మెండు. అచ్చట దిగిన విమానము పెట్రోలు పోసికొనుటయే గాక సంచులను, మనుష్యులను గూడ ఎక్కించుకొనును. కేవలము పెట్రోలు కొరకు దిగు ఊరు, విమానము మరికొంత బలిష్ఠమైననో, ప్రక్కన పెద్ద యూరు దొరకిననో, పటమునుండి జారిపోవును. మన యూరికి జరిగినదే తరువాత అట్లాంటిక్ సముద్రమునకు సమీపముననున్న గాండర్ అను పెద్ద విమానాశ్రయమునకును జరిగినది. ఇంధనము కొరకు ఐరోపా అమెరికాల విమానములు పెక్కు దిగిన ఆ యూరిమీదుగా, జెట్ విమానములు వచ్చినపిదప, అవి దిగకయే ఎగిరిపోసాగినవి.

1938 లో బ్రిటిష్ సామ్రాజ్యపు టపా పథకము వచ్చెను. సాధారణమైన యుత్తరములు గూడ అదనపు రుసుము లేకయే విమానమున పోవునట్లు ఏర్పడుటచేత టపా తూకము ఒక్కమారుగ పెరిగినది. టాటా సంస్థ కరాచీనుండి కొలంబోవరకు ఆ భారమును వహించెను. ఆ యేడే ముప్పదినాలుగేండ్ల జె. ఆర్. డి. టాటా సంస్థలన్నిటికి అధ్యక్షుడయ్యెను. మరుసటి యేడు యుద్ధము రాగా ఆ పథకము నిలిచెను. మార్గమును పెంచినది ప్రభుత్వాజ్ఞయే, తుంచినది యుద్ధమే. విన్సెంట్ 1942 లో యుద్ధకాలపు విమానయానమున మరణించెను. ఆయన పేరు మన పాఠ్యపుస్తకములలో లేకుండుట న్యాయము కాదు.

1946 లో సంస్థ ఎయిర్ ఇండియా యను పేరుతో ప్రజల వాటాలు గల సంస్థ యయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే జె. ఆర్. డి. ప్రభుత్వమునకు ఒక యోచన పంపెను. ఐరోపాకు భారతదేశపు విమానము పోవలెను; ప్రభుత్వము నూటికి 49 వాటాలు తీసికొనవలెను; మొదటి ఐదేండ్లు నష్టము వచ్చినచో ప్రభుత్వము భరింపవలెను. ఈ చివరి మాటయే ముఖ్యమైనది. ఖండాంతరమార్గము మామిడిచెట్టువంటిది, నాటిన యేడే కాయదు. పరాయి దేశమున టిక్కెట్టు అమ్మువారిని కుదుర్చుకొనవలెను, బాగుచేయువారిని నిలుపవలెను, ప్రయాణికునకు ఆ పేరు అలవాటు కావలెను. ఆ వ్యవధి లేక పెరికివేయబడిన మార్గములు ప్రపంచమున లెక్కలేనన్ని. ప్రభుత్వము కొలది వారములలోనే సమ్మతించెను.

1948 జూన్ 8 వ తేదీ రాత్రి మలబార్ ప్రిన్సెస్ అను కాన్‌స్టెలేషన్ విమానము 35 మంది ప్రయాణికులతో బొంబాయినుండి లేచి, కైరోలోను జెనీవాలోను దిగి, లండను చేరెను. జె. ఆర్. డి. అందు ప్రయాణించెను. వారమునకు ఒక్క విమానము. వాడుకదారుడు బుధవారము పోగోరినచో మంగళవారపు విమానము వానికి పనికిరాదు. వారమునకు అనేకమారులు నడుపు సంస్థయొద్దకు వాడు పోవును. కావున చిన్న సంస్థకు మొదటి విమానముకంటె రెండవదియు, మూడవదియు నడుపుటయే కష్టము. దానిని ఆయన క్రమముగ సాధించెను.

1950 జనవరిలో ఏడెను మీదుగా నైరోబీకి మార్గము తెరవబడెను. తూర్పు ఆఫ్రికాలో అప్పటికే గుజరాతీలు, పంజాబీలు తరతరములుగ స్థిరపడి యంగళ్ళు, కచేరీలు నడుపుచుండిరి. వారికి పెండ్లిండ్లు, చావులు, చదువులు, వ్యాపారములు అన్నియు సముద్రమునకు రెండు వైపుల నుండెను. ఒక వైపు నిండి, రెండవ వైపు ఖాళీగా వచ్చు విమానము సగము నష్టము. ఉభయదిశల నిండునది బ్రతుకును. పరదేశమున స్థిరపడిన జనులు స్వదేశమును మరువకుండుటయే ఖండాంతరమార్గమునకు గట్టి పునాది. పైయూర బంధువులు గల మన కుటుంబములకు ఇది బస్సుల విషయమున గూడ తెలిసిన సంగతియే.

ఆ యేడే నవంబరు 3 వ తేదీన మలబార్ ప్రిన్సెస్ జెనీవా చేరబోవుచు ఆల్ప్స్ పర్వతములలోని మోంబ్లా శిఖరమును తాకి కూలెను. 48 మందియు మరణించిరి. వారిలో పెక్కుమంది బ్రిటనులో ఓడ యెక్కుటకు పోవుచున్న భారతీయ నావికులు. రెండున్నర యేండ్లక్రితము వైభవముతో లేచిన విమానమే అది. మార్గము మాత్రము ఆగలేదు.

1953 ఆగస్టు 1 న ప్రభుత్వము విమానసంస్థలనన్నిటిని జాతీయము చేసెను. యుద్ధానంతరము అనేక సంస్థలకు అనుమతులిచ్చి, అన్నిటికి సరకు చాలకుండ చేసినది ప్రభుత్వమే యని జె. ఆర్. డి. అంతకుమునుపే హెచ్చరించియుండెను. తన చేతులతో పెంచినది చేజారుటకు ఆయన మిక్కిలి నొచ్చుకొనెను. అయినను నెహ్రూ కోరగా విదేశమార్గముల సంస్థకు అధ్యక్షుడుగ ఉండుటకు అంగీకరించి, జీతము లేకుండ ఇరువదియైదేండ్లు పనిచేసెను. ఈ విషయమున ఆయన పక్షమునే నిలుచువారు పెక్కుమంది కలరు. కాని జెట్ విమానములకు కావలసిన ధనరాశిని ప్రభుత్వమే సమకూర్చెనని గూడ ఒప్పుకొనవలెను. రెండు మాటలును నిజములే.

ఆ కాలమున అంతర్జాతీయ విమాన రవాణా సంఘము సభలో టిక్కెట్టు వెలలు నిర్ణయింపబడెడివి. బొంబాయినుండి లండనునకు ఏ సంస్థ విమానమెక్కినను దాదాపు ఒకటే వెల. అట్లయినచో ప్రయాణికుడు ఒక సంస్థను విడిచి మరియొకదానిని ఎంచుకొనుట దేనివలన? వేళ తప్పకుండుట, శుభ్రత, మర్యాద, భోజనము, వీనివలననే. కావుననే జె. ఆర్. డి. ఎక్కిన ప్రతి విమానమున కుర్చీ వాలు, తెరల రంగు, కాఫీ రుచి మొదలుకొని సమస్తమును పరీక్షించి, దిగిన పిమ్మట అధికారులకు పత్రములు వ్రాసెడివాడు. మురికిగానున్న బల్లను చూచినచో తానే తుడుచుటకు వెనుదీయలేదు. పెద్ద సంస్థాధిపతికి ఇది చాదస్తమని కొందరు నవ్విరి. నిజమునకు అది లెక్క. నలువది కుర్చీలలో ఇరువదినాలుగు నిండిన ఖర్చు వచ్చుననుకొందము. ఇరువదిరెండు నిండినచో నష్టము, ఇరువదియారు నిండినచో లాభము. మార్గము నిలుచుటకు, తెగుటకు నడుమ నున్నది ఆ నలుగురు మనుష్యులు. వారు మరల వచ్చుట ఆ కాఫీపై ఆధారపడియుండవచ్చును.

మరియొక యడ్డంకి కలదు. సముద్రము అందరిది, ఆకాశము అట్లు కాదు. ఏ దేశముపైనున్న యాకాశము ఆ దేశముదే. అనుమతి లేనిదే దిగుటకు వీలులేదు. అనుమతులు ఇచ్చిపుచ్చుకొను బేరములు. అమెరికా సంస్థలు మన దేశమునకు విమానములను అధికముగ నడిపి ఇతర దేశముల ప్రయాణికులను గూడ దోచుకొనుచున్నవని భావించి, భారత ప్రభుత్వము 1946 నాటి ఒప్పందమును రద్దుచేయుచు 1954 లో నోటీసు ఇచ్చెను. 1956 లో క్రొత్త ఒప్పందము కుదిరెను. 1960 మే నెలలో ఎయిర్ ఇండియా వారి బోయింగ్ 707 లండను మీదుగా న్యూయార్కు చేరెను. లండనున దిగినవారి కుర్చీలలో న్యూయార్కుకు పోవు క్రొత్తవారిని ఎక్కించుకొను హక్కు లేనిచో అంత దూరపు మార్గము గిట్టుబాటు కాదు. ఆ హక్కు బ్రిటిష్ వారి యనుమతిపై నున్నది. మూడు దేశముల కచేరీలు కలిసిననేగాని ఒక విమానము లేవదు.

సింగపూరు, టోక్యో, సిడ్నీ, మాస్కో మార్గములు 1954, 1958 ల నడుమ ఏర్పడెను. 1962 లో సంస్థయొద్ద జెట్ విమానములు తప్ప వేరు లేకుండెను. 1971 లో బోయింగ్ 747 లు వచ్చెను. కాని పెద్ద విమానము పెద్ద కడుపు గలది. 1973 చివర చమురు వెల కొన్ని నెలలలోనే దాదాపు నాలుగు రెట్లయ్యెను. దూరమార్గమున విమానము తన యింధనమునే మోయుటకు ఇంధనము కాల్చవలెను. కావున వెల పెరిగినపుడు దెబ్బ దూరమార్గములకే అధికము. ప్రపంచమున అనేక సంస్థలు మార్గములను కుదించుకొనెను.

1978 జనవరి 1 వ తేదీన ఎంపరర్ అశోక యను 747 బొంబాయి సముద్రమున కూలి 213 మంది మరణించిరి. నెల తిరుగగనే మొరార్జీ దేశాయి ప్రభుత్వము, ముందుగా మాటమాత్రమైనను చెప్పకయే, జె. ఆర్. డి. ని అధ్యక్షపదవినుండి తొలగించెను. ఉద్యోగులు బాధపడిరి, కొందరు రాజీనామాలు ఇచ్చిరి. 1980 లో ఇందిరా గాంధీ ప్రభుత్వము ఆయనను పాలకవర్గమున మరల చేర్చెను, కాని అధ్యక్షుడుగ కాదు.

1982 అక్టోబరు 15 వ తేదీన, మొదటి యెగురునకు ఏబదియేండ్లు నిండిన దినమున, డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధుడు ఒక పాత లెపర్డ్ మాత్ విమానమున ఒంటరిగా కరాచీనుండి బొంబాయికి ఎగిరి వచ్చెను. జుహూలో దిగెను. ఆ దారి నేడు అంత సులభము కాదు. 2025 ఏప్రిల్ లో పాకిస్తాను తన యాకాశమును భారతీయ విమానములకు మూసివేయుటచేత పడమటికి పోవు విమానములు చుట్టు తిరుగవలసివచ్చెను. 2022 జనవరిలో మరల టాటాల చేతికి వచ్చిన ఎయిర్ ఇండియా, విమానముల కొరతయు ఈ చుట్టుదారియు కారణములుగ చెప్పి, 2025 సెప్టెంబరు 1 నుండి ఢిల్లీ వాషింగ్టన్ మార్గమును నిలిపివేసెను. కుర్చీలు నిండనందున గాదు, కుర్చీలు మోయు దూరము పెరిగినందున.

1992 లో జె. ఆర్. డి. కి భారతరత్న బిరుదము ఇయ్యబడెను. 1993 నవంబరు 29 వ తేదీన, తన యెనుబదితొమ్మిదేండ్ల వయస్సున, ఆయన జెనీవా నగరమున కన్నుమూసెను. 1948 నాటి మొదటి విమానము కైరో విడిచి లండను చేరబోవుచు దిగిన మజిలీ ఆ యూరే. ఆయన దేహమును పారిస్ నగరమునకు తీసికొనిపోయి, పేర్ లాషేజ్ శ్మశానవాటికయందు సమాధి చేసిరి.